పూటకూళ్లవాడికి మిగతా డబ్బు ఎవరిస్తారు?

మన సంఘాల్లో వచ్చే ప్రార్థన మనవుల చీటీలను ఒక ఏడాది పాటు దాచిపెట్టి చూడండి. సగానికి పైగా ఆస్పత్రి గురించే ఉంటాయి. ఆపరేషన్ బాగా జరగాలి. రిపోర్టులు మంచిగా రావాలి. బిల్లుకు డబ్బు సర్దుబాటు కావాలి. మొదటి రెండింటి కోసం మనం గట్టిగానే ప్రార్థిస్తాం. మూడోదానికి మాత్రం ప్రార్థన చేసి, చేతనైన కానుక పట్టి, మిగతాది ఎక్కడైనా వడ్డీకి చూసుకోమని పంపేస్తాం. ఆ మూడో మనవి అసలు ఎందుకు వస్తోందో సంఘంలో మాట్లాడుకోం. అది రాకుండా ఏదైనా ప్రభుత్వం చట్టం చేయబోయినప్పుడల్లా డాక్టర్లు ఎందుకు వీధిలోకి వస్తారో కూడా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

ముఖ్యంగా మనం మాట్లాడుకోవాలి. కోలారు, బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఇలా తరాల కిందటే వచ్చి స్థిరపడిన వాళ్లం మనం. ఆంధ్రాలో ఉన్న చుట్టాలు ఆరోగ్యశ్రీ గురించి చెబుతారు, మనం వింటాం. కానీ మన రేషన్ కార్డు ఇక్కడిది, మన ఓటు ఇక్కడిది. వైద్యం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. కాబట్టి బెంగళూరులోనో చెన్నైలోనో భువనేశ్వర్‌లోనో ముంబయిలోనో పుదుచ్చేరిలోనో చేసే చట్టమే మన మంచం దాకా వస్తుంది. ఆ చట్టం గురించి డాక్టర్లు ఏమనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో మనకు తెలియకపోతే, రేపు సమ్మె వచ్చినప్పుడు ఎవరి పక్కన నిలబడాలో కూడా తెలియదు.

కర్ణాటకలో జరిగినది

2017లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రుల చట్టాన్ని సవరించబోయింది. అసలు చట్టం 2007 నాటిది. అప్పుడు ఆరోగ్య మంత్రి కె.ఆర్. రమేశ్ కుమార్. కోలారు జిల్లా శ్రీనివాసపురం ఆయన నియోజకవర్గం, అంటే మన తెలుగువాళ్లు బాగా ఉన్న ప్రాంతమే. సవరణ బిల్లులో ప్రధానంగా నాలుగు సంగతులున్నాయి. చికిత్సలకు ధరలు ప్రభుత్వం నిర్ణయించడం, రోగుల హక్కుల పట్టిక, ప్రతి జిల్లాలో ఫిర్యాదులు వినే ఏర్పాటు, తప్పు చేసిన ఆస్పత్రికి భారీ జరిమానాతో పాటు జైలు శిక్ష.

ప్రైవేటు డాక్టర్లు భగ్గుమన్నారు. నవంబరులో బెళగావిలో శాసనసభ శీతాకాల సమావేశాలు మొదలయ్యేసరికి వేల మంది డాక్టర్లు అక్కడికి చేరారు. కొందరు నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రంలో చాలాచోట్ల ఓపీలు మూతపడ్డాయి. నవంబరు 16న బెంగళూరు ప్రైవేటు ఆస్పత్రులు కూడా తలుపులు వేసుకున్నాయి. సమయానికి వైద్యం అందక రోగులు చనిపోయారని పత్రికల్లో వార్తలొచ్చాయి. హైకోర్టు కూడా జోక్యం చేసుకుంది. మర్నాడు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య డాక్టర్ల సంఘాలతో కూర్చున్నారు. సమ్మె ఆగింది. ఆ నెలలోనే బిల్లు పాసయింది గాని, మొదట ఉన్న పదును అందులో లేదు. జైలు శిక్షల సంగతి చాలావరకు తగ్గిపోయింది. ధరల నియంత్రణ ప్రభుత్వ పథకాల కింద చేసే చికిత్సలకే పరిమితమయింది.

అయినా రెండు మంచి సంగతులు నిలిచాయి. ఒకటి, ప్రాణాపాయంలో వచ్చిన రోగిని ముందు డబ్బు కట్టమని అడగకూడదు. రెండు, రోగి చనిపోతే బాకీ ఉందని చెప్పి శవాన్ని ఆపకూడదు. బాకీ ఉంటే తర్వాత వసూలు చేసుకోవాలి.

ఈ రెండోది చిన్న సంగతి అనుకునేవాళ్లు ఒక్కసారి ఏ పాస్టరునైనా అడగండి. భూస్థాపన ఉదయం పదకొండుకు అని ప్రకటించి, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరు దగ్గర నిలబడి సాయంత్రం నాలుగుకు మార్చిన రోజులు నా పరిచర్యలోనే ఉన్నాయి. పేటలో ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసి, ఎవరి చెవి కమ్మలో కుదువపెట్టి, ఆ డబ్బు కౌంటరులో కట్టాకే శవం బయటికి వచ్చింది. ఏడవడానికి కూడా తీరిక లేని ఆ ఇంటివాళ్ల ముఖాలు చూసినవాళ్లెవరూ ఈ చట్టం డాక్టర్ల మీద కక్షతో చేశారని అనలేరు.

రాజస్థాన్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2023 మార్చి 21న అక్కడి శాసనసభ ఆరోగ్య హక్కు బిల్లును ఆమోదించింది. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అది. అత్యవసరంలో వచ్చినవాణ్ణి ప్రైవేటు ఆస్పత్రి అయినా డబ్బు అడక్కుండా చూడాలి. రోగి కట్టలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. డాక్టర్లు రెండు వారాల పైగా సమ్మె చేశారు, లాఠీ దెబ్బలు కూడా తిన్నారు. ఏప్రిల్ 4న ఒప్పందం కుదిరింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రులను చట్టం నుంచి మినహాయించారు. అంటే చిన్న పట్టణాల్లో రోడ్డు పక్కన కనిపించే నర్సింగ్ హోముల్లో అధిక భాగం చట్టం బయటికి వెళ్లిపోయాయి.

నిజానికి అత్యవసర వైద్యం కొత్త కోరికేమీ కాదు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి చూసి తీరాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఉన్న బాధ్యతనే చట్టంలో రాస్తే అంత భయం ఎందుకు?

డాక్టర్ల మాటలో నిజమెంత

డబ్బాశ అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలిక. వాట్సాప్‌లో అందరూ చేసేది అదే. కానీ న్యాయం కోరేవాళ్లు ఎదుటివాడి మాట కూడా పూర్తిగా వినాలి. విన్నవాటిలో నాకు నిజమనిపించినవి చెబుతాను.

మొదటిది బకాయిలు. మంచి సమరయుని కథ మనకు బాగా తెలుసు. దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి అతడు ఎత్తుకెళ్లి పూటకూళ్ల ఇంట్లో చేర్చాడు. మనం ప్రసంగాల్లో సమరయుడి గురించి చెబుతాం, తప్పించుకుపోయిన యాజకుడి గురించి చెబుతాం. పూటకూళ్లవాడి గురించి ఎవరూ చెప్పరు. సమరయుడు అతని చేతిలో రెండు దేనారములు పెట్టాడు, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో తీరుస్తానని మాట ఇచ్చాడు. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మి గాయపడినవాణ్ణి ఉంచుకున్నాడు. ఒకవేళ ఆ సమరయుడు తిరిగి రాకపోతే? ఒకసారి కాదు, పదిసార్లు అలాగే మనుషుల్ని చేర్చి, తిరిగి రాకపోతే? పదకొండోసారి పూటకూళ్లవాడు తలుపు తీస్తాడా?

మన ప్రభుత్వాల పరిస్థితి చాలాసార్లు ఇదే. చికిత్స చేయండి, మేమిస్తాం అంటారు. క్లెయిములు నెలల తరబడి నిలిచిపోతాయి. ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో రాష్ట్రంలో చేసిన చికిత్సకు 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని రాసుంది. కాగితం మీద రాసినదానికీ బ్యాంకు ఖాతాలో పడినదానికీ ఎంత దూరమో చిన్న ఆస్పత్రి నడిపేవాళ్లను అడిగితే తెలుస్తుంది. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ ఎంతమంది పేదల గుండెలను నిలబెట్టిందో మన చుట్టాల ఇళ్లలోనే చూశాం. అదే పథకం కింద బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని హెచ్చరించడం, ఆపేయడం కూడా ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పదేపదే చూశాం. రాజస్థాన్ డాక్టర్లు అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఖర్చు మీరిస్తామన్నారు, ఎప్పుడిస్తారు, ఎలా ఇస్తారు?

రెండోది, ప్రభుత్వం తన సంగతి దాచుకోవడం. కర్ణాటక బిల్లు ప్రైవేటు ఆస్పత్రులకే వర్తించింది. ప్రభుత్వ ఆస్పత్రుల మాటేమిటని డాక్టర్లు అడిగారు. సరైన ప్రశ్నే. స్కానింగ్ మిషను పనిచేయని జిల్లా ఆస్పత్రి మీద, స్పెషలిస్టు లేని తాలూకా ఆస్పత్రి మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి? 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాలు దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతం వైద్యం మీద ఖర్చు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం చేసిన ఖర్చు 1.84 శాతం. తన జేబు తెరవకుండా పక్కవాడి తలుపు తెరవమనే ప్రభుత్వాన్ని చూసి డాక్టరు అనుమానపడడంలో తప్పు లేదు.

మూడోది భయం. రోగి చనిపోతే బంధువులు వచ్చి డాక్టరును కొట్టడం, అద్దాలు పగలగొట్టడం మామూలయిపోయింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ప్రభుత్వ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపేశారు. ఇలాంటి రోజుల్లో జైలు శిక్ష అనే మాట వినగానే, పెద్ద కార్పొరేట్ ఆస్పత్రికి లాయర్లున్నారు, నాకెవరున్నారని ఇద్దరు భార్యాభర్తలు నడుపుకునే క్లినిక్కు భయపడుతుంది.

ఈ మూడూ నిజాలే. కానీ వీటికి జవాబు మంచి చట్టం. చట్టమే వద్దనడం జవాబు కాదు. బకాయిలు ఆలస్యమైతే వడ్డీ కట్టాలని చట్టంలో రాయమనవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రులనూ చేర్చమనవచ్చు. చిన్న క్లినిక్కుకు వేరే నియమాలు అడగవచ్చు. సమ్మెల్లో ఈ మాటలు వినపడ్డాయి. అయితే చివరికి ఒప్పందాల్లో ఎక్కువగా మిగిలింది మినహాయింపులే. రోగికి ఏం మిగిలిందో ఆ ఒప్పందాల గదిలో అడిగేవాళ్లు లేరు. అక్కడ ప్రభుత్వం ఉంది, డాక్టర్ల సంఘం ఉంది. మంచం మీద ఉన్నవాడి తరఫున కుర్చీ లేదు.

కెనడాలో ఒక పాస్టరు

డాక్టర్లు ఇలా ఎదురుతిరగడం మన దేశంలోనే మొదలుకాలేదు. 1948 జూలై 5న బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం మొదలయింది. దానికి కొన్ని నెలల ముందు అక్కడి డాక్టర్ల సంఘం ఓటింగ్ పెడితే పది మందిలో తొమ్మిది మంది వ్యతిరేకించారు. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ పెద్ద డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు వదిలిపెట్టి, అందరినీ జీతగాళ్లుగా మార్చబోమని హామీ ఇచ్చి, మెల్లగా ఒప్పించారు. ఇవాళ ఆ వ్యవస్థ మీద ప్రభుత్వం కత్తెర వేస్తే మొదట కేకలు వేసేది ఆ డాక్టర్లే. మన తెలుగు డాక్టర్లు కూడా అందులో ఎందరో పనిచేస్తున్నారు.

కెనడా కథ మన యవ్వనస్థులు తప్పక తెలుసుకోవాలి. టామీ డగ్లస్ ఒక బాప్టిస్టు పాస్టరు. చిన్నప్పుడు అతని కాలి ఎముకకు జబ్బు చేసింది. కుటుంబానికి డబ్బు లేదు, కాలు తీసేయాల్సిన పరిస్థితి. విద్యార్థులకు చూపించి నేర్పడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానని ఒక సర్జన్ ముందుకొచ్చాడు. కాలు నిలిచింది. ఒక పిల్లవాడి కాలు ఒక డాక్టరు దయ మీద ఆధారపడకూడదని ఆయన తర్వాత జీవితమంతా వాదించారు. ఈ ముక్క నాకు చాలా ముఖ్యం. మనమైతే ఆ కథను సాక్ష్యంగా చెప్పి, దేవునికి స్తోత్రం అని కూర్చునేవాళ్లం. ఆయన అక్కడ ఆగలేదు. నాకు దొరికింది పక్కింటి పిల్లవాడికి ఎందుకు దొరకలేదని అడిగారు.

1930లలో కరువు కాలంలో వేబర్న్ అనే ఊళ్లో కాపరిగా ఉండి, తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, 1944లో సస్కాచువాన్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి స్థానానికి చేరారు. ముందు ఆస్పత్రి ఖర్చులకు బీమా తెచ్చారు. తర్వాత డాక్టరు ఫీజులు కూడా ప్రభుత్వమే కట్టే చట్టం చేశారు. అది 1962 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజే రాష్ట్రంలో డాక్టర్లలో అత్యధికులు ప్రాక్టీసు మూసేశారు. డాక్టరు కోసం తిరిగిన తల్లిదండ్రుల చేతుల్లో తొమ్మిది నెలల బిడ్డ చనిపోయిన వార్త మొదటి రోజే వచ్చింది. మా డాక్టర్లు మాకు కావాలంటూ పౌరుల కమిటీలు లేచాయి. అథోల్ మర్రీ అనే పేరున్న కేథలిక్ ఫాదర్ ఆ సభల్లో చట్టానికి వ్యతిరేకంగా నిప్పులు చెరిగారు. అంటే దైవసేవకులు కూడా రెండు పక్కలా ఉన్నారు. డగ్లస్ అప్పటికే కేంద్ర రాజకీయాలకు వెళ్లారు. సమ్మెకు రెండు వారాల ముందు జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఈ గొడవ మధ్యనే రెజీనాలో ఓడిపోయారు.

సమ్మె 23 రోజులు నడిచింది. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. లార్డ్ టేలర్ అనే బ్రిటిష్ డాక్టరు మధ్యవర్తిగా వచ్చారు. జూలై 23న ఒప్పందం కుదిరింది. డాక్టర్లు జీతగాళ్లు కానక్కర్లేదు, చేసిన పనికి ఫీజు తీసుకోవచ్చు. రోగి మాత్రం జేబులోంచి కట్టనక్కర్లేదు. ఆ తర్వాత డాక్టర్లు భయపడినట్టు ఆదాయాలు కూలిపోలేదు. ఎగవేసిన బిల్లులు లేవు గనుక చాలామందికి పెరిగాయి. 1964లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది గాని, గెలిచిన పార్టీ కూడా ఆ పథకాన్ని ముట్టుకోలేకపోయింది. 1972 నాటికి దేశంలో అన్ని రాష్ట్రాలూ అదే దారిలోకి వచ్చాయి.

అక్కడి డాక్టర్ల భయం ఎందుకు పోయింది? సమరయుడు ప్రతి నెలా తిరిగి వచ్చి మిగతా డబ్బు ఇచ్చాడు, అందుకు. చట్టం బలంగా ఉండడమూ, బాకీ సరిగ్గా తీర్చడమూ రెండూ కలిసినప్పుడే డాక్టరు మనసు మారింది. మన ప్రభుత్వాలు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తున్నాయి.

డాక్టర్లందరూ ఒక్కటి కాదు

డాక్టర్లు వ్యతిరేకిస్తున్నారని పేపర్లో రాస్తే, ఏ డాక్టర్లు అని అడగడం నేర్చుకోవాలి. అమెరికాలో 1960లలో వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా, అంటే మెడికేర్, తేబోతే అక్కడి పెద్ద డాక్టర్ల సంఘం తీవ్రంగా వ్యతిరేకించింది. కానీ నల్లజాతి డాక్టర్ల సంఘం సమర్థించింది. పెద్ద సంఘానికి చెందిన స్థానిక శాఖలు చాలాచోట్ల నల్లజాతి డాక్టర్లను సభ్యులుగా కూడా చేర్చుకోని రోజులవి. 1966లో మెడికేర్ అమలైనప్పుడు ఒక షరతు పెట్టారు. ఈ డబ్బు కావాలంటే ఆస్పత్రిలో తెల్లవాళ్లకో వార్డు, నల్లవాళ్లకో వార్డు ఉండకూడదు. ఎన్ని ఉద్యమాలు చేసినా కదలని దక్షిణాది ఆస్పత్రులు నెలల్లో కదిలాయి. వైద్య సంస్కరణ అంటే బిల్లులు మాత్రమే కాదని, ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో కూడా అది తేలుస్తుందని మన పేటల నుంచి వచ్చిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తనను తాను చేర్చుకోని సంఘం చెప్పే మాటను ఆ నల్ల డాక్టర్లు నమ్మలేదు. పేదవాడికి దగ్గరగా ఉన్న డాక్టరు చూపు వేరు.

ఇక్కడ కూడా అంతే. 2017లో కర్ణాటకలో నైతిక వైద్యం కోరే డాక్టర్లు, ప్రజారోగ్య ఉద్యమాలు చట్టం వైపు నిలబడ్డారు. వాళ్ల గొంతు టీవీలో తక్కువగా వినపడింది, అంతే.

మహారాష్ట్రలో ఉన్న మన చదువరులు జామ్‌ఖేడ్ పేరు వినే ఉంటారు. రాయవేలూరులో చదువుకున్న రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో అక్కడ పని మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్లకే ఆరోగ్య సేవ నేర్పించారు. వాళ్లలో చాలామంది అక్షరం రానివాళ్లు, దళితులు. పురుళ్లు, పసిపిల్లల విరేచనాలు, కుష్ఠు, క్షయ, ఇవన్నీ వాళ్ల చేతుల్లో తగ్గుముఖం పట్టాయి. 1979లో ఆ దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం తెచ్చినప్పుడు, డాక్టరు కానివాళ్లకు పరిమితంగా మందులు రాసే అనుమతి ఇస్తామంటే వైద్య సంఘం జూలై 31న దేశమంతా సమ్మెకు పిలుపునిచ్చింది. పేదవాడికి సగం డాక్టరును అంటగడతారా అని వాళ్లడిగారు. అందులో న్యాయముంది. కానీ పూర్తి డాక్టర్లు ఆ ఊరికి వెళ్లరు. తామూ వెళ్లక, వెళ్లేవాళ్లనూ వెళ్లనివ్వకపోతే ఆ ఊరి గర్భిణి ఎవరి దగ్గరికి పోవాలి? జామ్‌ఖేడ్ దంపతులు ఆ ప్రశ్నకు తాము ఊళ్లో ఉండి, ఊరివాళ్లకు నేర్పి జవాబు చెప్పారు.

మన ఇంటి సంగతి

ఇప్పుడు వేలు మనవైపు తిప్పుకోవాలి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ నుంచి, 1900లో రాయవేలూరులో పని మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడ్డర్ దాకా, కోలారులో ఎలెన్ థోబర్న్ కోవెన్ ఆస్పత్రి దాకా, తెలుగువాళ్లకు ఆధునిక వైద్యం మొదట చాలాచోట్ల మిషను ఆస్పత్రి తలుపు గుండానే వచ్చింది. అక్కడ అంటరానితనం లేదు. మన నాయనమ్మలు అక్కడ నర్సులయ్యారు, ఆయాలయ్యారు. ఇవాళ అలాంటి చిన్న ఆస్పత్రులు ఎన్నో మూతపడ్డాయి. కొన్నిచోట్ల గేటు, బోర్డు, స్థలం మీద కోర్టు కేసు మాత్రం మిగిలాయి. స్థలం కోసం కొట్టుకున్నంతగా మనం ఎప్పుడైనా ఆ మంచాల కోసం కొట్టుకున్నామా?

ఇంకో సంగతి. మన సంఘాల్లో ఎవరికైనా మెడికల్ సీటు వస్తే సాక్ష్యం చెప్పిస్తాం, మంచిదే. కానీ అది ఎలాంటి సీటు? ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు అయితే చాలాచోట్ల మొత్తం ఖర్చు కోటి దాటుతుంది. పొలం అమ్మి, అప్పు చేసి కట్టిన ఆ కోటి ఎక్కడినుంచి తిరిగి రావాలి? మన రోగుల దగ్గరి నుంచే రావాలి. డాక్టరు పెళ్లికొడుకు కట్నం లెక్క కూడా క్రైస్తవ కుటుంబాల్లో ఏమీ తక్కువ కాదు. కోటి రూపాయల అప్పుతో బయటికొచ్చిన ఇరవై అయిదేళ్ల అబ్బాయిని ధరల నియంత్రణ చట్టాన్ని సమర్థించమంటే ఎలా సమర్థిస్తాడు? సంస్కరణ మీద డాక్టరుకు ఉండే అభిప్రాయం సగం అతను కాలేజీలో చేరిన రోజే తయారవుతుంది. కాబట్టి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, రిజర్వేషన్ సీట్లు, ఫీజుల నియంత్రణ, ఇవన్నీ కూడా వైద్య సంస్కరణలో భాగాలే. వాటిని విడిచిపెట్టి సమ్మె చేసిన డాక్టరును తిట్టి లాభం లేదు.

ఏమి అడగాలి

1946లో భోర్ కమిటీ, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని సిఫారసు చేసింది. స్వాతంత్ర్యం కంటే పాతది ఆ కాగితం. 2013-14లో దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 64.2 శాతం జనం జేబులోంచి పోయేది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గిందని కేంద్ర లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, మంచిదే. ఇంకా వంద రూపాయల్లో నలభై రూపాయలు రోగి జేబే కడుతోందన్న మాట. ప్రార్థన మనవుల చీటీలు ఆ నలభై రూపాయల నుంచే వస్తున్నాయి.

ప్రభుత్వాన్ని మనం అడగవలసింది ఇది. ఆస్పత్రి క్లెయిములు గడువులోగా తీర్చండి, ఆలస్యమైతే వడ్డీ కట్టండి. ప్రైవేటుకు పెట్టిన నియమమే ప్రభుత్వ ఆస్పత్రికీ పెట్టండి. చెప్పిన 2.5 శాతం ఖర్చు పెట్టండి. డాక్టర్ల సంఘంతో ఒప్పందానికి కూర్చున్నప్పుడు రోగుల తరఫున కూడా ఒక కుర్చీ వేయండి.

డాక్టర్లను అడగవలసింది ఇది. మీ బకాయిల పోరాటంలో, మీ భద్రత పోరాటంలో మేము మీ పక్కన నిలబడతాం. మీరు మాత్రం ధరల బోర్డు రోగికి కనపడేలా పెట్టండి. ప్రాణాపాయంలో వచ్చినవాణ్ణి కౌంటరుకు పంపకండి. శవం మీద బాకీ వసూలు చేయకండి. సమ్మె చేసే హక్కు మీకుంది, కానీ క్యాజువాలిటీ తలుపు వేసే హక్కు మీకు లేదు.

సంఘాలుగా మనం చేయగలిగింది ఇంకా దగ్గరలో ఉంది. అత్యవసరంలో ముందస్తు డబ్బు అడగకూడదని, శవాన్ని ఆపకూడదని కర్ణాటక చట్టంలో ఉందని ఇక్కడి మన విశ్వాసుల్లో ఎంతమందికి తెలుసు? తెలియని హక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ రాష్ట్రంలో ఏ పథకం ఉందో, ఏ కార్డు చెల్లుతుందో, ఫిర్యాదు ఎవరికివ్వాలో కనుక్కుని, ఆ రాష్ట్ర భాష చదవలేని పెద్దల కోసం తెలుగులో ఒక్క పేజీ రాసి చర్చి గోడకు అంటించండి. యానాంలో అయితే పెద్ద జబ్బుకు కాకినాడ పోవాల్సి వస్తుంది గనుక, అక్కడ మీ కార్డు చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోండి. ఈ పని యవ్వనస్థులు ఒక్క శనివారంలో చేయగలరు.

మీ సంఘంలో ఒక డాక్టరు గాని నర్సు గాని ఉంటే, వచ్చే నెల యవ్వనస్థుల కూడికకు పిలవండి. ప్రసంగం అడగవద్దు. మీకు ప్రభుత్వం ఎంత బాకీ ఉందండీ అని అడగండి. మీ ఆస్పత్రిలో ధరల బోర్డు ఎక్కడుందండీ అని కూడా అడగండి. రెండు ప్రశ్నలూ అదే రోజు, అదే గౌరవంతో అడగాలి.